ఉగాది వేడుక, యువత కార్యక్రమం: ర్యాపర్ నటుడి కథకు ఆ 12 నిమిషాలు ఉంచండి

విశాఖ నుంచి, పిల్లల కార్యక్రమం చూసే అక్క:

అందరికీ నమస్కారం. ఆదివారం కాల్‌లో టైము చాలక నేను చెప్పాల్సింది పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

యువత విభాగానికి ముందు 12 నిమిషాలు అనుకున్నాం. ఇప్పుడు దాన్ని 5కి తగ్గించి, "ఓ ర్యాప్ పాట పాడించేస్తే సరిపోతుంది" అంటున్నారు. దీనికి నేను ఒప్పుకోలేను. పిల్లలు ముగ్గురూ ఎంచుకున్నది రిజ్ అహ్మద్ జీవితకథ. దాన్ని బుర్రకథగా చెప్పబోతున్నారు. మధ్యలో పెద్దమ్మాయి కథకురాలు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథ నడిచే చోట బుర్రకథ, అతను తనకోసం తాను మాట్లాడే చోట ర్యాప్. ఈ ఆలోచన నాది కాదు, వాళ్లదే. లండన్‌లోని వెంబ్లీలో ఉన్నప్పుడు శనివారం తెలుగు బడిలో వాళ్లకి ఒకసారి బుర్రకథ వీడియో చూపించాను. "ఆంటీ, వీళ్లు ర్యాపర్లే కదా" అని అప్పుడే అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

రిజ్ అహ్మద్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1982లో పుట్టాడు, మనం హాల్ తీసుకున్న వెంబ్లీలోనే. తల్లిదండ్రులు కరాచీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. టీనేజీలోనే పైరేట్ రేడియోల్లో (అంటే లైసెన్సు లేకుండా నడిపే రేడియోల్లో), ర్యాప్ పోటీల్లో అప్పటికప్పుడు పదాలు కట్టి పాడేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం, రాజకీయాలు, ఆర్థికశాస్త్రం చదివాడు, తర్వాత లండన్‌లో నటన నేర్చుకున్నాడు. 2006లో మొదటి సినిమా వచ్చింది. గ్వాంటనమో జైల్లో పెట్టిన బ్రిటన్ కుర్రాళ్ల కథ అది. బెర్లిన్ చిత్రోత్సవంలో దర్శకులకు వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది. ఆ సంబరంతో తిరిగొస్తే లూటన్ ఎయిర్‌పోర్టులో ఆపి ప్రశ్నించారు. అదే ఏడాది రిజ్ ఎంసీ పేరుతో తెచ్చిన ర్యాప్ పాటను మొదట్లో అక్కడి రేడియోలు వేయలేదు.

మన పిల్లల్ని ఈ కథ పట్టుకున్నది ఇక్కడే. ఆ అబ్బాయి దగ్గర మొదటి నుంచీ రెండు నోళ్లున్నాయి. ఒకటి తన మాటలు తనే రాసుకుని పలికేది, రెండోది వేరేవాళ్లు రాసిన మాటలు పలికేది. మొదటిది ఉండబట్టే రెండో దానిలో ఎవరు ఏ వేషం ఇచ్చినా తలూపలేదు. 2016లో రాసిన ఒక వ్యాసంలో, తనలాంటి మొహం ఉన్న నటుడికి వచ్చే వేషాలు మూడు మెట్లని చెప్పాడు. మొదటి మెట్టులో టెర్రరిస్టు, టాక్సీ డ్రైవర్, కొట్టు నడిపేవాడు. రెండో మెట్టులో కథ అదే బస్తీలో జరుగుతుంది కానీ ఆ ముద్రని తిరగేస్తుంది. మూడో మెట్టు చేరితే జాతితో, మతంతో పనిలేని మామూలు మనిషి వేషం. మా పెద్దమ్మాయి ఇది చదివి, "స్కూల్ నాటకంలో నాకెప్పుడూ ఒకే రకం పాత్ర ఇస్తారు ఆంటీ" అంది. ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు మొదటి చరణం రాసి పంపింది.

ఐదు నిమిషాల్లో ఈ మూడు మెట్లూ ఎక్కలేం. అందుకే అడుగుతున్నాను.

వేదిక కమిటీ, మావయ్యగారు:

అమ్మా, నీ శ్రమ తెలుసు. కానీ ఉగాది రోజున పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, కూచిపూడి ఉండాలని వచ్చేవాళ్లు చూస్తారు. ర్యాప్ అంటే పెద్దవాళ్లు లేచి భోజనాలకి వెళ్లిపోతారని నా భయం. పైగా ఆయన మన తెలుగువాడు కాదు కదా. తెలుగు ర్యాపర్లలోనూ సినిమాల్లో వేసినవాళ్లున్నారు, వాళ్ల గురించి చేయకూడదా?

విశాఖ నుంచి అక్క:

మావయ్యగారూ, మీ మాట కొట్టిపారేయడం లేదు. నోయెల్ షాన్ గురించి పిల్లలతో నేనే మాట్లాడాను. తెలుగులో ర్యాప్ పాడుతూ, రేడియోలో మాట్లాడుతూ, "ఈగ", "కుమారి 21ఎఫ్" లాంటి సినిమాల్లో వేశాడు కదా. బాబా సెహగల్ కూడా ఉన్నాడు. 90ల్లో హిందీ ర్యాప్‌తో దేశమంతా తెలిసి, తర్వాత మన "జల్సా" టైటిల్ పాట పాడి, "రుద్రమదేవి"లో నాగదేవుడి వేషం వేశాడు. తమిళంలో హిప్‌హాప్ తమిళా ఆది కూడా ఉన్నాడు. మన "ధ్రువ"కి సంగీతం ఇచ్చింది అతనే. తర్వాత తన కథనే తను సినిమాగా తీసి హీరోగా వేశాడు. వీళ్లందరినీ కథకురాలు ప్రస్తావనలో తలుచుకుంటుంది, ఒక నిమిషం పెట్టాం.

కానీ కథ మొత్తం రిజ్‌దే ఎందుకంటే, పిల్లలు పెరుగుతున్న వీధి అతను పెరిగిన వీధి. వాళ్లు రోజూ బడికి వెళ్లే బస్సులో అతనూ వెళ్లి ఉంటాడు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష, అమ్మమ్మ ఫోన్ చేస్తే మూడో గొంతు. ఈ సంగతి వాళ్లకి విశాఖలో కూర్చుని నేను నేర్పక్కర్లేదు.

పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారన్న దాని గురించి కూడా చెబుతాను. మన ఉత్తరాంధ్రలో పాడేవాడే ఆడతాడు, ఆడేవాడే మాట్లాడతాడు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి ఒక్కరే పది పాత్రలు పలికేవారు. జముకుల కథ చెప్పేవాళ్లదీ అదే పని. బుర్రకథలో షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఒక గొంతు లయలో కథ చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి పాత్ర అయిపోవడం మన అమ్మమ్మలకి కొత్త కాదు. తెర లేచి "తందాన తాన" వినిపించగానే లేవబోయినవాళ్లు కూర్చుంటారు. నాకు ఆ నమ్మకం ఉంది.

సౌండ్ చూసే తమ్ముడు:

అక్కా, రెండు సంగతులు. అతని పాటల రికార్డింగులు ఏమైనా వాడుతున్నారా? వాడితే హాల్ వాళ్ల మ్యూజిక్ లైసెన్సులో అది వస్తుందో లేదో అడగాలి. రెండోది, ముగ్గురికీ కాలర్ మైకులా, స్టాండ్ మైకులా?

విశాఖ నుంచి అక్క:

రికార్డింగులు ఏవీ వాడటం లేదు నాన్నా. అతని పాటల్లో ఒక్క పంక్తి కూడా తీసుకోలేదు. ప్రతి మాటా పిల్లలే తెలుగులో రాశారు. అయినా మిగతా కార్యక్రమాల్లో సినిమా పాటలున్నాయి కాబట్టి లైసెన్సు సంగతి హాల్ వాళ్లని ఒకసారి అడిగి రాతలో తీసుకో.

కథకురాలికి తలకి పెట్టుకునే మైకు కావాలి, ఎందుకంటే ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ తిరుగుతుంది. వంతలకి స్టాండ్ మైకులు. వంతలు వాయించే గుమ్మెటలకి వేరే మైకు వద్దు, దాని మోత దానికే చాలు.

ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పాలి. పిల్లల రాతని సరిచూడటానికి గాజువాక కుర్రాడు ఒకతను సాయం చేస్తున్నాడు. పగలు ఆటోనగర్‌లో పని, సాయంత్రాలు ర్యాప్ రాసుకుంటాడు, వీధి నాటకాల్లో వేస్తాడు. మొన్న బీచ్ రోడ్డులో గట్టు మీద కూర్చుని పిల్లల కాగితం చూపించాను. మొదటి పంక్తి ఇలా ఉంది: "ఇంట్లో అమ్మానాన్నలతో ఒక భాషలోనూ బడిలో స్నేహితులతో ఇంకో భాషలోనూ మాట్లాడుతూ పెరిగినవాణ్ణి." అతను ఒకసారి లోపల చదువుకున్నాడు, రెండోసారి చేత్తో మోకాలి మీద దరువేస్తూ పైకి చదివాడు, సగంలో ఆగిపోయాడు. "ఏటక్కా, ఈ లైన్లో ఊపిరెక్కడ తీసుకుంటారు?" అన్నాడు. పెన్ను తీసుకుని సొంతంగా ఒక్క మాట కూడా రాయలేదు. ఊపిరి ఆగిన చోటల్లా నిలువు గీత పెట్టి, "వాళ్లనే మార్చమనండి" అన్నాడు. ఆ గీతల కాగితం ఫోటో తీసి పంపాను. రెండు రోజుల్లో పిల్లల నుంచి వచ్చింది ఇది:

*ఇంట్లో ఒక మాట, బళ్లో ఒక మాట*
*గేటు దాటగానే గొంతు మారే పూట*
*ఏది నీదంటే ఏం చెప్పనమ్మా*
*రెండూ నావేనని రాసుకున్నానమ్మా*

చూశారా, నాలుగు ఊపిరుల్లో ఎలా వచ్చిందో. ర్యాపర్‌కి నటన ఎందుకు అబ్బుతుందో నాకు ఆ గట్టు మీదే అర్థమైంది. ఎక్కడ ఆపితే వినేవాడు ముందుకి వంగుతాడో అతనికి ముందే తెలుసు. నటుడు ఏళ్ల తరబడి నేర్చుకునేది అదే కదా.

కార్యదర్శి:

చరణం చాలా బాగుంది. ఇప్పుడు అసలు ప్రశ్న. 12 నిమిషాల్లో ఏమేం ఉంటాయో చెబితే మినిట్ టు మినిట్‌లో వేసుకుంటాను. ఇంకో మాట, పిల్లలతో పనిచేసే వాలంటీర్లందరి డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ) కాగితాలు నాకు కావాలి.

విశాఖ నుంచి అక్క:

డీబీఎస్ కాగితాలు గ్రీన్ రూమ్ చూసే ఇద్దరు తల్లులు ఈ వారం పంపిస్తారు.

కథ ఇలా నడుస్తుంది. ప్రస్తావన, చిన్నతనం, పైరేట్ రేడియో కలిపి మూడు నిమిషాలు. ఎయిర్‌పోర్టు ఘట్టం రెండు నిమిషాలు. అక్కడ వంతల్లో హాస్యం చెప్పేవాడు అధికారి అవుతాడు, రాజకీయం చెప్పేవాడు సూట్‌కేసు అవుతాడు. తర్వాత మూడు మెట్లకి మూడు నిమిషాలు. "ఫోర్ లయన్స్" సినిమా నుంచి 2016 దాకా ఇక్కడే వస్తాయి. ఆ ఏడాది అతను ఒక పక్క న్యూయార్క్ కుర్రాడు హీమ్స్‌తో కలిసి స్వెట్ షాప్ బాయ్స్ పేరుతో ర్యాప్ ఆల్బమ్ తెచ్చాడు, ఇంకో పక్క స్టార్ వార్స్ సినిమాలో పైలట్ వేశాడు, "ది నైట్ ఆఫ్" సిరీస్‌లో హత్యకేసులో ఇరుక్కున్న టాక్సీ డ్రైవర్ కొడుకయ్యాడు. ఆ వేషానికి 2017లో ఎమ్మీ వచ్చింది.

ఇక మిగిలిన నాలుగు నిమిషాల్లో ఎక్కువ భాగం "సౌండ్ ఆఫ్ మెటల్" సినిమాకే. దీన్ని మాత్రం కుదించమని అడగకండి. వినికిడి పోగొట్టుకున్న డ్రమ్మర్ వేషం అది. ఆ వేషం కోసం నెలల తరబడి డ్రమ్స్, అమెరికన్ సంజ్ఞల భాష నేర్చుకున్నాడు. తన గొంతు తనకే వినిపించకుండా చెవుల్లో చిన్న పరికరాలు పెట్టుకుని నటించాడు. చెవి మీద, నోటి మీద బతికే ర్యాపర్ ఆ రెండూ పక్కన పెట్టి కళ్లతో, చేతులతో నిలబడ్డాడు. మన వేదిక మీద ఆ ఘట్టంలో గుమ్మెట ఆగిపోతుంది, కథకురాలి బొటనవేలి అందెలు ఆగిపోతాయి, ఇరవై సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. పెద్దమ్మాయి చేతులతో మాత్రమే చెబుతుంది. సౌండ్ తమ్ముడూ, మైకు పాడైందనుకుని పరిగెత్తుకు రావద్దు. భోజనాల కమిటీ వాళ్లకీ మనవి, ఆ ఇరవై సెకన్లు స్టీలు గిన్నెలు కదపకండి.

ఆ సినిమాకి ఉత్తమ నటుడి ఆస్కార్‌కి నామినేట్ అయ్యాడు, ఆ విభాగంలో అలా ఎంపికైన తొలి ముస్లిం అతనే. 2022లో "ది లాంగ్ గుడ్‌బై" లఘుచిత్రానికి దర్శకుడు అనీల్ కారియాతో కలిసి ఆస్కార్ అందుకున్నాడు. అదే పేరుతో ఉన్న తన ర్యాప్ ఆల్బమ్‌కి తోడుగా చేసిన చిత్రం అది. చివర్లో అతను కెమెరా వైపు తిరిగి ర్యాపే చెబుతాడు. అంటే రెండు నోళ్లూ అక్కడ ఒకటయ్యాయి. అదే రాత్రి ఉత్తమ నటుడిగా గెలిచిన విల్ స్మిత్ కూడా ర్యాపర్‌గా మొదలైనవాడే, 1989లో ర్యాప్‌కి ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ అతని జోడీకే వచ్చింది. ఇది కథకురాలు ఒక్క వాక్యంలో చెప్పి మంగళం పాడుతుంది.

ఒక వంత వాళ్ల అమ్మ:

అక్కా, ఆన్‌లైన్ రిహార్సల్‌లో మావాడు "తందాన తాన" సరిగ్గానే అంటున్నాడు, మీకు ఆలస్యంగా వినిపిస్తోంది. మీరు ఆపినప్పుడల్లా పాపం టెన్షన్ పడుతున్నాడు.

విశాఖ నుంచి అక్క:

క్షమించమ్మా, తప్పు నాదే. వాడిది లయ తప్పలేదు, నెట్ వెనకబడుతోంది. ఇక నుంచి కాల్‌లో వంత అనిపించను. పెందుర్తి దగ్గర ఉన్న బుర్రకథ పెద్దాయన చేత దరువు వాయించి రికార్డు చేశాను. ముగ్గురూ ఒకే ఇంట్లో చేరి దానితో సాధన చేసి, వీడియో తీసి పంపండి. నేను చూసి రాసి పంపుతాను. వాడికి ముద్దులిచ్చానని చెప్పు.

మార్చి ఆఖరి ఆదివారం నుంచి మీ గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. అప్పటి నుంచి మీకు పొద్దున్న 11 అంటే మాకు మధ్యాహ్నం మూడున్నర, నాలుగున్నర కాదు.

వేదిక కమిటీ, మావయ్యగారు:

అమ్మా, ఆ నాలుగు పంక్తులూ మా మనవరాలికి చదివి వినిపించాను. కాగితం లాక్కుని గదిలోకి వెళ్లిపోయింది, ఇంకా తిరిగివ్వలేదు. 12 నిమిషాలు ఉంచుతున్నాను. కవి సమ్మేళనంలో నా పద్యాలు రెండు తగ్గించుకుంటాను.

విశాఖ నుంచి అక్క:

మావయ్యగారూ, మీ పద్యాలు తగ్గించకండి, స్పాన్సర్ల సన్మానం పది నిమిషాలుంది, అందులో తీసుకుందాం. కార్యదర్శిగారు చూడగలరు. మీ మనవరాలికి ఇష్టమైతే ప్రస్తావనలో ఒక గొంతు ఖాళీగా ఉంది.

సామాన్ల సంగతి: శుక్రవారం ఇక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా వస్తున్న పిన్నిగారి సూట్‌కేసులో రెండు మట్టి గుమ్మెటలు, ఒక జత అందెలు, పూర్ణా మార్కెట్‌లో కొన్న మూడు జతల గజ్జెలు పంపుతున్నాను. అన్నీ కలిపి ఆరు కిలోల లోపే. అందెలు పెద్దాయన తన వేలి నుంచి తీసి ఇచ్చినవి, అరువు. లోపలి గుళ్లు అరిగి మోత కొంచెం మెత్తగా ఉంటుంది, అదే బాగుంటుందన్నారు. పెద్దమ్మాయి బొటనవేలికి వదులైతే దారం చుట్టండి, సాగదీయడం, నొక్కడం చేయొద్దు. గుమ్మెటల్ని మా అమ్మ పాత పొందూరు చీరలో చుట్టాను. విప్పాక చీర పారేయకండి, పిన్నిగారితోనే తిరిగి పంపండి.