‘కలుపుగోలు’ అన్న మాట ఊరికి చెల్లుతుందా?

హైదరాబాదును కలుపుగోలు నగరం అంటున్నాం కదా, ఆ గుణానికీ ఈ ప్రాంతపు రాజకీయ మొగ్గుకూ సంబంధం ఉందా అని నిన్న ఇక్కడ ఒక మిత్రులు అడిగారు. నేను ముందుగా ఆ మాట దగ్గరే ఆగుతాను.

వీడుకొను నుంచి వీడుకోలు, మేలుకొను నుంచి మేలుకోలు ఏర్పడినట్టే, కలుపుకొను నుంచి కలుపుగోలు ఏర్పడిందని నాకు తోస్తున్నది. ‘కలియు’లో ఇద్దరూ దగ్గరవుతారు, ‘కలుపుకొను’లో మాత్రం ముందే కుదురుకుని ఉన్నవాడు కొత్తగా వచ్చినవాడికి తన పక్కన చోటిస్తాడు. ఉదయం కిక్కిరిసిన సిటీ బస్సు చివరి వరుసలో “అన్నా, జర జరుగు” అనగానే, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకున్న మనిషి కిటికీ వైపు ఒదిగి కూర్చుంటాడు. ‘జర’ ఉర్దూ, ‘అన్నా’ తెలుగు. ఆ రెండూ అంత ఇరుకులోనూ సర్దుకున్నాయి. జరిగినవాడు ఎవరికి ఓటేశాడో ఎవరూ అడగరు.

అడిగినా తేలేది తక్కువే. 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ 64 స్థానాలతో రాష్ట్రంలో అధికారంలోకి వచ్చినా, హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో దానికి ఒక్కటీ దక్కలేదు. భారాసకు 7, మజ్లిస్‌కు 7, భాజపాకు గోషామహల్ ఒక్కటి వచ్చాయి. ఇందులో ప్రాంతపు మొగ్గు అని దేన్ని పట్టుకోవాలి? గోషామహల్ దాటి కార్వాన్‌లో అడుగుపెడితే గెలిచిన పార్టీ వేరవుతుంది గానీ ‘జర జరుగు’ మారదు.

అయితే రాజకీయానికి మాటల మీద పట్టే లేదనడం తొందరపాటు. ‘ముల్క్’ అంటే దేశం, ఆ దేశపువాడు ‘ముల్కీ’. నిజాం కాలపు ఉద్యోగ నిబంధనల్లోని ఈ మాట 1952లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అనే నినాదమై వీధుల్లోకి వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులను ఉద్దేశించి ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని కూడా అరిచారు. (పాపం ఇడ్లీ!) ఆ కోపం స్థానికులకు అందకుండా పోతున్న కొలువుల గురించినది కనుక, దాన్ని కలుపుగోలుతనపు లోటుగా చదవడం నాకు సమ్మతం కాదు. పక్కకు జరగాలంటే, జరిగేవాడికి ముందు ఒక సీటు ఉండాలి కదా.

మీ జిల్లాల్లో ఈ అర్థంలో ‘కలివిడి’ ఎక్కువగా వినిపిస్తుందా, ‘కలుపుగోలు’నా? ఊరిని కర్తగా పెట్టి ఈ మాట వాడిన పాత ప్రయోగం ఎవరికైనా తారసపడితే ఇక్కడ ఉంచగలరు.