సింగర్ బిల్డింగ్ మోడల్: 41 అంతస్తులా, 47ఆ? టవర్ ఎక్కడ నిలబెట్టాలి?

కార్డ్‌బోర్డు_నగరం:
న్యూయార్క్ దిగువ మన్‌హాటన్ 1910లో ఎలా ఉండేదో 1:500 స్కేల్లో మోడల్ చేస్తున్నాను. కుట్టు మిషన్ల సింగర్ కంపెనీ వాళ్ల ఆఫీసు టవర్, సింగర్ బిల్డింగ్ దగ్గర పని ఆగింది. 41 అంతస్తులని ఒకరు, 47 అని ఇంకొకరు రాస్తున్నారు. పోస్ట్‌కార్డులు చూస్తే ఒకదానిలో టవర్ సరిగ్గా వీధి మూల మీద ఉన్నట్టుంది, ఇంకోదానిలో పక్కకి జరిగి ఉంది. ఏ కొలత పట్టుకోవాలి? చుట్టూ ఏయే భవనాలు ఉంచాలి, ఏవి తీసేయాలి? కట్టి అరవై ఏళ్లు అయ్యీ కాకముందే ఎందుకు కూల్చేశారో కూడా చెప్పండి, కింద పెట్టే పలకమీద నాలుగు ముక్కలు రాయాలి.

ఇటుక_సున్నం:
అంతస్తుల గొడవ వదిలేయండి. గుమ్మటంలోనూ దాని పైనా ఉండే చిన్న చిన్న అంతస్తులని లెక్కలో కలుపుకునేవాళ్లు ఒక అంకె చెబుతారు, కలపనివాళ్లు ఇంకో అంకె చెబుతారు. ఎత్తయితే అందరూ ఒప్పుకునేది 612 అడుగులు, అంటే దాదాపు 186.5 మీటర్లు. మీ స్కేల్లో 37.3 సెంటీమీటర్లు. ఇది గుమ్మటం మీది లాంతరు (చిన్న గోపురం లాంటిది) కొస వరకు. జెండా కర్ర దానికి అదనం, సన్నటి తీగతో విడిగా గుచ్చుకోండి.

టవర్ చతురస్రం, పక్కకి 65 అడుగులు. మీకు 3.96 సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల పీట మీద ముప్ఫై ఏడు సెంటీమీటర్లు అన్నమాట. కార్డ్‌బోర్డు ఒక్కటే పెడితే వారం తిరక్కుండా మెలిక పడుతుంది, లోపల చెక్క పుల్ల దింపండి.

ఇక స్థలం. బ్రాడ్‌వే, లిబర్టీ స్ట్రీట్ కలిసే చోట వాయవ్య మూల. ఆ మూల మీద ఉన్నది టవర్ కాదు, 1898 నాటికి పూర్తయిన పాత పదంతస్తుల సింగర్ భవనం. లిబర్టీ స్ట్రీట్ వెంట పడమటగా దానికి ఆనుకుని బోర్న్ బిల్డింగ్. ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ ఫ్లాగ్ 1906లో టవర్ మొదలుపెట్టినప్పుడు పాత భవనాన్ని 14 అంతస్తులకి పెంచి, బ్రాడ్‌వే వైపు ఉత్తరంగా పొడిగించాడు. టవర్ లేచింది ఆ పొడిగింపు మీద. దక్షిణం నుంచి తీసిన బొమ్మలో మూల భవనం ముందుకొచ్చి టవర్ దాని నెత్తిమీదే ఉన్నట్టు కనిపిస్తుంది. పోస్ట్‌కార్డుల తేడా అక్కడిదే.

మిగతా కొలతలకి ఫొటోయే స్కేలు. టవర్ వెడల్పు 65 అడుగులని పెట్టుకుని కొలుచుకుంటూ పోండి. కెమెరాని పైకెత్తి తీసినవి మాత్రం పనికిరావు, నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, లెక్క తప్పుతుంది. ఎదుటి భవనం సగం ఎత్తు నుంచి తీసినవి వెతకండి.

ఉక్కు_చట్రం:
గోడల మీద కిటికీలు గీసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. టవర్ నాలుగు వైపులా ఒకే వరసలో సమానంగా కిటికీలు పెట్టేస్తారు. అసలు టవర్ అలా ఉండదు. నాలుగు మూలలూ దాదాపు మూసేసిన ఇటుక దిమ్మెల్లా ఉంటాయి, వాటిలో ఇరుకైన కిటికీలు. మధ్య భాగమంతా పెద్ద పెద్ద అద్దాలు, పైన కమాను. అది అందం కోసం మాత్రమే కాదు. గాలికి టవర్ ఊగకుండా ఆపే ఏటవాలు ఉక్కు బిగింపులన్నీ ఆ మూలల్లోనే, సుమారు 12 అడుగుల వెడల్పు గూళ్లలో పెట్టారు. ఏటవాలు కమ్మీ అడ్డం వచ్చేచోట పెద్ద కిటికీ పెట్టలేరు కదా. 12 అడుగులంటే మీకు 7 మిల్లీమీటర్లు.

పునాదికీ గాలితోనే చిక్కు. ఇంత సన్నటి టవర్‌ని గాలి ఒక పక్క నుంచి తోస్తే, ఆ పక్క స్తంభాలు బరువు మోయడం అటుంచి పైకి లేవబోతాయి. అందుకే స్తంభాల అడుగుల్ని కాంక్రీటు దిమ్మెల్లోకి ఉక్కు కడ్డీలతో లంగరు వేశారు. ఆ దిమ్మెలు వీధి మట్టానికి సుమారు 90 అడుగుల కింద ఉన్న గట్టి రాతి దాకా దిగాయి. మధ్యలో ఉన్నదంతా నీళ్లూరే మట్టి. కాబట్టి కెయిసన్లు, అంటే అడుగు లేని పెద్ద పెట్టెలు దించి, నీళ్లు లోపలికి రాకుండా గాలిని ఒత్తిడితో నింపి, మనుషులు లోపల కూర్చుని తవ్వారు. మోడల్లో ఇది కనిపించదు గానీ పలకమీద ఒక వాక్యానికి చోటు ఇవ్వదగ్గ విషయం.

పోస్ట్‌కార్డుల_పెట్టె:
చుట్టుపక్కల భవనాలే తేదీ చెప్పేస్తాయి. 1910కి ఉత్తరాన కోర్ట్‌లాండ్ స్ట్రీట్ వైపు సిటీ ఇన్వెస్టింగ్ బిల్డింగ్ తప్పకుండా ఉండాలి. అదీ 1908దే, బాగా బొద్దుగా ఉంటుంది. అది లేకపోతే సింగర్ ఒంటరిగా నిలబడ్డట్టు తప్పుడు చిత్రం వస్తుంది. పడమట హడ్సన్ టెర్మినల్ జంట భవనాలు పెట్టండి.

వూల్‌వర్త్ బిల్డింగ్ కనిపించే ఫొటోని మీరు వాడకూడదు, అది 1913లో పూర్తయింది. బ్రాడ్‌వేకి అటు పక్క, కొంచెం దక్షిణంగా కొండలా నిలబడ్డ ఈక్విటబుల్ బిల్డింగ్ ఉంటే అది 1915 తర్వాతది. సింగర్‌కి ఎదురుగా నల్లటి గాజు టవర్, 140 బ్రాడ్‌వే, కనిపిస్తే 1967 వచ్చేసినట్టే. అప్పటికి కూల్చివేత మొదలవుతోంది.

పలకకి ఇంకోటి: 1908లో పూర్తయినప్పుడు ప్రపంచంలో అతి ఎత్తైన భవనం ఇదే. మరుసటేడే మెట్రోపాలిటన్ లైఫ్ టవర్ 700 అడుగులతో దాటేసింది.

కార్డ్‌బోర్డు_నగరం:
చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. కూల్చివేత సంగతి ఒక్కటే మిగిలింది. అప్పటికి పాత కట్టడాలని కాపాడే చట్టం లేదు కాబట్టే కదా?

ఇటుక_సున్నం:
కాదండీ, చట్టం ఉంది. పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ కూల్చివేత మీద రేగిన గొడవ తర్వాత 1965లో న్యూయార్క్ నగరం ల్యాండ్‌మార్క్స్ చట్టం తెచ్చింది. సింగర్ కూల్చివేత మొదలైంది 1967లో. ఆ చట్టాన్ని అమలు చేసే కమిషన్ ఈ భవనాన్ని ల్యాండ్‌మార్క్‌గా, అంటే కాపాడాల్సిన కట్టడంగా ప్రకటించలేదు, అంతే. అలా ప్రకటిస్తే నగరమే కొనేవాళ్లని వెతకాలి, లేదా తనే కొనాలి అని కమిషన్ అధికారి ఒకరు అప్పట్లో అన్న మాట రికార్డులో ఉంది.

అసలు కారణం లెక్కల్లో ఉంది. 65ని 65తో గుణిస్తే 4,225 చదరపు అడుగులు. అందులోంచి లిఫ్టులు, మెట్లు, మూలల బిగింపులు తీసేస్తే అద్దెకిచ్చేందుకు మిగిలేదెంత? 1960ల కంపెనీలకి ఒకే అంతస్తులో వందలమంది కూర్చునే హాళ్లు కావాలి. దాని చోట కట్టిన వన్ లిబర్టీ ప్లాజాలో ఒక్కో అంతస్తు సుమారు 37,000 చదరపు అడుగులు.

విచిత్రమేమంటే ఆ సన్నదనం ఫ్లాగ్ పట్టుబట్టి తెచ్చుకున్నది. స్థలమంతా ఆక్రమించి ఆకాశం దాకా కట్టేస్తే వీధుల్లోకి గాలీ వెలుతురూ రావని, టవర్ స్థలంలో నాలుగోవంతులోనే ఉండాలని వాదించాడు. 1916లో నగరం తెచ్చిన జోనింగ్ (ఎక్కడ ఎంత కట్టొచ్చో చెప్పే) నిబంధనల్లో అదే వచ్చింది: నాలుగోవంతు స్థలం మీద ఎంత ఎత్తైనా లేపుకోవచ్చు. ఆయన మాట నగరం మొత్తానికి నిలిచింది, ఆయన టవర్ మాత్రం నిలవలేదు.

సింగర్ కంపెనీ 1960ల మొదట్లో భవనాన్ని అమ్మేసి రాకఫెల్లర్ సెంటర్‌కి మారింది. కొన్న రియల్ ఎస్టేట్ వ్యాపారి జెకెండార్ఫ్ అక్కడికి స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌ని రప్పించాలని చూశాడు, కుదరలేదు. 1964లో యూఎస్ స్టీల్ చేతికి వచ్చింది, పక్కనున్న సిటీ ఇన్వెస్టింగ్ కూడా. రెండూ పోయాయి. చాలా ఏళ్లపాటు, యజమానులే కావాలని కూల్చిన భవనాల్లో ప్రపంచంలో ఎత్తైనది సింగరే. ఆ రికార్డుని న్యూయార్క్‌లోనే 270 పార్క్ అవెన్యూ అనే భవనం కూల్చివేత దాటింది, 2021లో.

ఉక్కు_చట్రం:
రంగుల విషయం ఎవరూ చెప్పలేదు. రంగు పోస్ట్‌కార్డులని నమ్మకండి, చేత్తో అద్దినవి, ఒకదానిలో గులాబీ, ఇంకోదానిలో నారింజ. గోడలకి ముదురు ఎర్ర ఇటుక, అంచులకి బూడిద నీలం బ్లూస్టోన్ వేయండి. ఇనుప బాల్కనీల అల్లిక ఎలా ఉండాలో తెలియాలంటే ఫ్లాగ్ అదే కంపెనీకి 1904లో కట్టిన చిన్న సింగర్ భవనం 561 బ్రాడ్‌వేలో ఇంకా ఉంది, కొత్త ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. అల్లిక వరకే చూడండి, గోడ వద్దు. అక్కడ ఉన్నది టెర్రకోటా (కాల్చిన మట్టి పలకలు), ఇటుక కాదు.