నెలలు నిండని బాబుకు గజ్జల హెర్నియా: డిశ్చార్జికి ముందే ఆపరేషన్ చేయించాలా, ఆగాలా?

ప్రశ్న (ఒక తల్లి):
మా బాబు 29 వారాలకే పుట్టాడు. ఇప్పుడు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) ఆక్సిజన్ అవసరం లేకుండా, పాలు తాగుతూ బరువు పెరుగుతున్నాడు. ఏడ్చినప్పుడల్లా కుడి గజ్జలో ఉబ్బు కనిపించి, నిద్రపోగానే లోపలికి పోతోంది. ఇంటికి పంపే ముందే ఆపరేషన్ చేయించడం మేలని ఒక డాక్టరు గారు, కొన్ని నెలలు ఆగవచ్చని మరొకరు అంటున్నారు. మా ఊరి నుంచి పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి మూడు గంటల ప్రయాణం. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పిల్లల సర్జన్):
అమ్మా, ఇద్దరి మాటకూ ఆధారం ఉంది. వృషణం కడుపులోంచి కిందికి దిగిన దారి మూసుకోకముందే బిడ్డ పుట్టడం వల్ల పేగు అందులోకి జారుతుంది; కుడి వృషణం కాస్త ఆలస్యంగా దిగుతుంది కనుక ఆ వైపే ఎక్కువగా చూస్తాం. పేగు ఇరుక్కుపోతుందన్న భయంతోనే డిశ్చార్జికి ముందు ఆపరేషన్ చేసే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. అయితే అమెరికాలోని 39 ఆసుపత్రుల్లో 338 మంది నెలలు నిండని శిశువులపై జరిగి, 2024లో జామా అనే వైద్య పత్రికలో వెలువడిన పరిశోధనలో, ముందే ఆపరేషన్‌కు కేటాయించినవారిలో 28 శాతం మందికి తీవ్రమైన సమస్యలు ఎదురుకాగా, ఇంటికి వెళ్లి, గర్భంలో గడిపిన కాలంతో కలిపి 55 వారాలు దాటేదాకా ఆగినవారిలో అది 18 శాతమే. ఆగినందువల్ల కలిగిన మేలు 28 వారాలలోపు పుట్టినవారిలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో మరింత స్పష్టంగా కనిపించింది. మీ బాబు ఈ రెండు కోవల్లోనూ ఉన్నట్టు లేదు. పైగా మూడు గంటల దూరం చిన్న విషయం కాదు. ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇల్లు ఉంటే నేను ఆగమంటాను, లేకుంటే ముందే చేయించమంటాను.

జవాబు (మత్తు డాక్టరు):
సర్జన్ గారి మాటకు ఒకటి చేరుస్తాను. ఇంత చిన్నవారికి మత్తు తరువాత ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. రక్తహీనత ఉంటే అది పెరుగుతుంది. అందుకే గర్భంలో గడిపిన కాలంతో కలిపి 60 వారాలలోపు శిశువులను ఆ రాత్రి మానిటర్ మీదే ఉంచే ఆసుపత్రిని ఎంచుకోండి. మెదడు ఎదుగుదల గురించి మాత్రం దిగులు వద్దు: హెర్నియా ఆపరేషన్ జరిగిన 722 మంది శిశువులను అనుసరించిన అంతర్జాతీయ పరిశోధనలో, గంటలోపు పూర్తి మత్తు పొందినవారికీ, వెన్నుకు ఇచ్చే మత్తు వంటి పద్ధతిలో మెలకువగా ఉన్నవారికీ ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు.

జవాబు (ఆగి చేయించిన తల్లి):
మేము ఆగాము. పెద్దవాళ్లు గుడ్డ కట్టమన్నా, నాణెం పెట్టి బిగించమన్నా ఒప్పుకోకండి. దానితో దారి మూసుకోదు, పేగు నలిగే ప్రమాదం ఉంది. డైపర్ మార్చిన ప్రతిసారీ గజ్జ చూడటం మాకు అలవాటైంది.

జవాబు (పిల్లల సర్జన్):
అదే సరైన పని. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, చర్మం ఎర్రబడినా, బిడ్డ ఊరుకోకుండా ఏడుస్తూ ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా పాలు పట్టకుండా వెంటనే బయలుదేరండి. సాధారణంగా పేగును మెల్లగా లోపలికి నెట్టి, వాపు తగ్గడానికి ఒకటి రెండు రోజులిచ్చి, ఆ తరువాతే ఆపరేషన్ చేస్తాము.