ఇంటర్న్‌షిప్‌కి ఎదురు డబ్బు కట్టడం కరెక్టేనా?

ఘట్‌కేసర్_ఈసీఈ
అన్నలూ, అక్కలూ, థర్డ్ ఇయర్ ఈసీఈ నేను. మా ప్లేస్‌మెంట్ సెల్ క్లాస్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఏదో కంపెనీతో టైఅప్ అంట. ఆరు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, మేం 5,500 కట్టాలి. కట్టిన రోజే ఆఫర్ లెటర్, చివర్లో సర్టిఫికెట్. శనివారం లోపు కట్టకపోతే సీటు పోతుందంట. మా నాన్నేమో "ఇన్నేళ్ల ఫీజులు కట్టినోడికి ఇదో లెక్కా, కట్టేయ్" అంటున్నాడు. నా రూమ్మేట్ మాత్రం, పని చేయించుకునేవాడు డబ్బులివ్వాలి గానీ అడుగుతాడా అని నవ్వుతున్నాడు. క్లాసులో సగానికి పైగా కట్టేశారు. నా ఒక్కడి రెజ్యూమేలోనే ఆ లైను లేకపోతే ఎలా అని భయం. కట్టాలా, వద్దా?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
కట్టకు. ఫ్రెషర్స్ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటాను కాబట్టి చెప్తున్నా. "మెషీన్ లెర్నింగ్ ఇంటర్న్" అని ఉన్న రెజ్యూమేలు కుప్పలుగా వస్తాయి. ప్రాజెక్టు ఏంటంటే ఐరిస్ పూల డేటా, కాదంటే టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పడం. అందులో తప్పు లేదు, నేర్చుకునేటప్పుడు అందరం అవే చేశాం. మొన్న ఒకబ్బాయిని నీ డేటాలో వరుసలెన్ని అని అడిగాను. ఐరిస్‌లో మొత్తం 150 వరుసలు. మూడు రకాల పూలు, రకానికి 50. ఫోన్‌లో రెండుసార్లు వేలితో తోస్తే అయిపోతుంది. అతను "లక్షల్లో ఉంటాయి సర్" అన్నాడు.

మరి ఏం చేశావయ్యా అంటే, వాళ్లిచ్చిన గిట్‌హబ్ లింకులో ఉన్నది దించుకుని తన పేరుతో మళ్లీ ఎక్కించాడట. ఆఫర్ లెటర్ ఫొటో లింక్డ్‌ఇన్‌లో పెట్టి కంపెనీని ట్యాగ్ చేయడం మాత్రం తప్పనిసరట. ఆ కంపెనీకి అతను నిజంగా చేసిపెట్టిన పని అదొక్కటే. వచ్చే బ్యాచ్‌కి యాడ్ అదేగా! డబ్బూ నీదే, ప్రచారమూ నీతోనే. ఆ లైను రెజ్యూమేలో లేకపోయుంటే నేను అడిగేవాణ్నే కాదు.

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
మీ ప్యానెల్ వాళ్లంతా ఎక్కడ నేర్చుకున్నారు సార్? మైత్రీవనం పక్కన ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో కోచింగ్ సెంటర్ల మెట్లెక్కినవాళ్లు మీ ఆఫీసులో ఒక్కరూ లేరా? డబ్బు కట్టి నేర్చుకోవడం ఎప్పటినుంచి నేరమైంది? గచ్చిబౌలిలో బీఎస్‌ఎన్‌ఎల్ ట్రైనింగ్ సెంటర్ ఉంది, ఇంజనీరింగ్ పిల్లలకి ఫీజు తీసుకునే ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఇస్తుంది. ప్రభుత్వ సంస్థ తీసుకుంటే ఫీజు, చిన్న కంపెనీ తీసుకుంటే మోసమా?

ఇంకో మాట. బాబాయిలు, మామయ్యలు గచ్చిబౌలిలో మేనేజర్లుగా ఉన్నవాళ్లకి ఫోన్ కొడితే ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది. ఊరినుంచి వచ్చి ఎస్‌ఆర్ నగర్ హాస్టల్లో ముగ్గురితో రూము పంచుకునేవాడికి రిఫరల్ ఎవడిస్తాడు? వాడికి దొరికే తలుపు ఇదొక్కటే. దాన్నీ మూసేసి నీతులు చెప్పడం తేలిక.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
నేర్చుకోవడానికి కట్టమనండి, నేనూ ఆ మెట్లెక్కినవాణ్నే. కానీ కోర్సుకి ఫీజు తీసుకుని, "మా సంస్థలో ఇంటర్న్‌గా పనిచేశాడు" అని లెటర్ ఇవ్వడం దేనికి? రిఫరల్ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అది నిజం.

ఆర్టికల్స్_నారాయణగూడ
ఇంజనీరింగ్ వాళ్లు దీనికింత కొట్టుకోవడం చూస్తే విచిత్రంగా ఉంది. మా సీఏ వైపు ఈ గొడవ ఎప్పుడో తేల్చేశారు. ఆర్టికల్స్‌లో, అంటే సీఏ చదువులో భాగంగా ఆడిటర్ ఆఫీసులో చేసే శిక్షణలో, చేరినవాళ్ల దగ్గర ప్రీమియం గానీ, అప్పు గానీ, డిపాజిట్ గానీ తీసుకోకూడదని చార్టర్డ్ అకౌంటెంట్ల నిబంధనల్లోనే ఉంది. పైగా వాళ్లే కనీస స్టైపెండ్ ఇవ్వాలి. ఆ స్టైపెండ్ హాస్టల్‌కి కూడా చాలదు, అది వేరే ఏడుపు. 2023 జూలైలో వచ్చిన కొత్త స్కీమ్‌తో మూడేళ్ల ఆర్టికల్‌షిప్ రెండేళ్లయింది.

మొదట్లో నాకు వోచర్లకి టిక్కులు పెట్టడమే పని. విసుగొచ్చేది. ఒకరోజు ఒక సరఫరాదారు బిల్లుల్లో జీఎస్టీ నంబరు మధ్యలో మారిపోయి కనిపించింది. పేరు అదే, లోగో అదే, నంబరు వేరు. మా సీనియర్‌కి చూపిస్తే క్లయింట్‌కి పంపే ప్రశ్నల్లో చేర్చారు. ఇప్పుడు ఎవరైనా "ఏం చేశావమ్మా" అంటే ఆ ఒక్క బిల్లు గురించే పది నిమిషాలు చెప్పగలను. ఐదున్నర వేలు కడితే అలాంటి బిల్లు ఎవరైనా చూపిస్తారా?

బాలానగర్_మెకానికల్
తమ్మీ, నాకు గచ్చిబౌలిల మామ లేడు, ఎవ్వడు లేడు. కాలేజీల బోనఫైడ్ రాయించుకొని జీడిమెట్ల, బాలానగర్ల షెడ్ల గేట్ల కాడ నిలవడి అడిగిన. చానమంది పొమ్మన్నరు. ఒకాయన రేపు రా అన్నడు. మొదట్ల లేతు కింద పడ్డ ఇనుప పొట్టు ఊడ్చుడే నా పని. తర్వాత బోర్ గేజ్, అంటే పీసు లోపలి రంధ్రం కొలిచే పనిముట్టు, చేతికిచ్చి, వచ్చిన పీసు వచ్చినట్టు కొలిచి నోట్ బుక్కుల రాయిమన్నడు. రాసుకుంట పోతుంటే బోరు సైజు జరజర తగ్గుకుంట వస్తున్నది. ఇంకా లిమిట్లనే ఉన్నది గని తగ్గుడైతే ఆగుతలేదు. పోయి చెప్పిన. టూలు అరిగింది, దాని కోసే మొన, ఇన్‌సర్ట్ మార్చాలె అన్నడు, మార్చిండు. ఆ లాటు రిజెక్ట్ కాలే. స్టైపెండ్ లేదు. పగటీలి అన్నం, రెండు చాయలు.

నీది ఘట్‌కేసర్ అంటున్నవ్, పక్కనే చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియా. కుషాయిగూడ, ఈసీఐఎల్ దిక్కు కూడ చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లున్నయి. బోర్డుల టెస్టింగ్ కాడ నిలవడు. ఆన్‌లైన్‌ల సోల్డరింగ్ వాసన రాదు తమ్మీ.

మేడ్చల్_బీఎస్సీ
అన్నా, మీరు గేటు దగ్గర నిలబడ్డారు, బాగుంది. అమ్మాయిలం షెడ్డు షెడ్డుకీ తిరిగితే ఇంట్లో ఏమంటారో మీకు తెలియదా? నేను 2,000 కట్టి ఆన్‌లైన్‌లోనే ఎక్సెల్ నేర్చుకున్నాను, అది కూడా ఇంటర్న్‌షిప్ పేరుతోనే ఇచ్చారు. చెప్పిన మేడమ్ మంచావిడ, రాత్రి పదింటికి డౌట్ అడిగినా చెప్పేది. కొంపల్లిలో ఒక హాస్పిటల్‌లో ఎంఐఎస్ ఉద్యోగం, అంటే లెక్కల రిపోర్టులు తయారుచేసే పని, వచ్చింది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ అడగనే లేదు. ఒక షీటు ఇచ్చి, డిపార్ట్‌మెంట్ల వారీగా పివట్ (మొత్తాల పట్టిక) వేసి చూపించమన్నారు. కాబట్టి కట్టడమే తప్పంటే నేను ఒప్పుకోను.

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
అదీ! నేను చెప్పేదీ అదే కదా.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
ఆ చెల్లి కట్టింది ఎక్సెల్‌కి. ఘట్‌కేసర్ తమ్ముణ్ని వాళ్ల కాలేజీ కట్టమంటున్నది కాగితానికి. ఆమెకి రాత్రి పదింటికి జవాబు చెప్పే మనిషి ఉంది, ఇతనికి ఎవరున్నారో ఆ మెసేజ్‌లో రాశారా?

వెరిఫికేషన్_డెస్క్
బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పనిచేస్తున్నాను. ఇలాంటి సర్టిఫికెట్ పెడితే పట్టుబడతారని చాలామంది భయపెడతారు. సాధారణంగా పట్టుబడరు. మేం మెయిల్ పెడితే ఆ కంపెనీ "అవును, మా దగ్గరే చేశాడు" అని వెంటనే జవాబిస్తుంది. వాళ్ల వ్యాపారమే అది కదా.

ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాలేదనుకోండి, అదే నంబరు నుంచి ఫోన్ వస్తుంది. ఆరు వారాల్ని ఆరు నెలలు చేసి ఇస్తాం, ఇంకాస్త కడితే ఏడాది ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులతో సహా అంటారు. ఒకసారి కట్టినవాడి జాబితా వాళ్ల దగ్గరుంటుంది. అక్కడ మాత్రం దొరికిపోతారు. 2014లో యూఏఎన్, అంటే ఉద్యోగికి జీవితాంతం ఉండే ఒకే పీఎఫ్ నంబరు, వచ్చినప్పటినుంచి ఎవరు ఏ కంపెనీలో ఏ నెల పీఎఫ్ కట్టించుకున్నారో ఒకే నంబరు కింద కనిపిస్తుంది. జీతం స్లిప్పులో పీఎఫ్ కోత చూపించి, పాస్‌బుక్‌లో ఏమీ లేకపోతే ఇక మాట్లాడేదేముంది? చేతికొచ్చిన ఆఫర్ వెనక్కి పోవడం నేను చూస్తూనే ఉంటాను.

కట్టే ముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి చూడు. ఎప్పుడు పెట్టారో, రిజిస్టర్డ్ అడ్రసు ఎక్కడో తెలుస్తుంది. డబ్బు కంపెనీ ఖాతాకి వెళ్తోందా, ఎవరిదో సొంత యూపీఐకా చూడు. నా పని ఎవరు చూస్తారు, వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు అని ఒక మెయిల్ రాయి. జవాబుగా మళ్లీ పేమెంట్ లింకే వస్తే నీకు అర్థమైపోతుంది.

రామంతాపూర్_పాస్అవుట్
కట్టడమెందుకు బ్రో, పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్‌కి అప్లై చెయ్. వాళ్లే నెల నెలా డబ్బులిస్తారు.

వెరిఫికేషన్_డెస్క్
అతనికి కుదరకపోవచ్చు. 2024 అక్టోబర్‌లో ఆ స్కీమ్ మొదలైనప్పుడు పెట్టిన నియమాల ప్రకారం వయసు 21 నుంచి 24 మధ్య ఉండాలి, రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతూ ఉండకూడదు. అది పాసైన మీలాంటి వాళ్లకి. పాసయ్యాక నాట్స్ అని కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం కూడా ఉంది. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9,000 అన్నారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఈసీఐఎల్ లాంటి సంస్థలు దాని కిందే అప్రెంటిస్‌లని తీసుకుంటాయి. ఈసీఈ వాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకెప్పుడూ అర్థం కాదు.

ఎల్బీనగర్_నాన్న
అందరూ పిల్లాడికే చెప్తున్నారు. నా కూతురి కాలేజీలోనూ ఇలాంటి మెసేజే వచ్చింది, కట్టేశాను. అది పనికొస్తుందని కాదండీ. కట్టకపోతే ఇంటర్నల్స్‌లో ఎక్కడ కోత పెడతారోనని. ప్లేస్‌మెంట్ సార్ పేరుతో వచ్చిన మెసేజ్‌ని కాదంటే రేపు క్యాంపస్ డ్రైవ్‌కి పేరు పంపుతాడా? ఈ మొత్తానికి మాస్టార్లతో తగువెందుకని మాలాంటి తల్లిదండ్రులు ఊరుకుంటారు. వాళ్లకీ ఆ సంగతి తెలుసు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
సార్, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ టైఅప్‌ల గుట్టంతా ఆ భయంలోనే ఉంది.

పేరు_చెప్పని_లెక్చరర్
భయపడాల్సినంత లేదండీ. జేఎన్‌టీయూ ఆర్22 (2022 నిబంధనల) సిలబస్‌లో మూడో ఏడాది ఆ క్రెడిట్లకి ఇంటర్న్‌షిప్ ఒక్కటే దారి కాదు. ఇండస్ట్రీ ఓరియెంటెడ్ మినీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సు, మూడూ పక్కపక్కనే రాసి ఉంటాయి. ఇది తప్పనిసరి అని మీ వాళ్లు నోటితో అంటారు గానీ, సర్క్యులర్‌గా రాసిమ్మంటే ఇవ్వరు. హెచ్‌ఓడీకి మెయిల్‌లో అడుగు బాబూ, "నేను మినీ ప్రాజెక్టు తీసుకుంటాను, గైడ్‌ని కేటాయించండి" అని. గొడవలా కాకుండా మామూలుగా అడుగు. మా కాలేజీలో అలా అడిగినవాళ్లకి ఇచ్చాం.

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
గైడ్‌గా వచ్చే సారు కూడా పాత బ్యాచ్ రిపోర్టే చేతిలో పెడతాడు. చూడండి కావాలంటే.

పేరు_చెప్పని_లెక్చరర్
కొందరు పెడతారు. కాదనను.

ఘట్‌కేసర్_ఈసీఈ
హెచ్‌ఓడీ మేడమ్‌కి మెయిల్ పెట్టాను. సరే అన్నారు, టాపిక్ మాత్రం శనివారమే ఇవ్వాలంట. కంపెనీకి కూడా మెయిల్ రాశాను, ఎవరు చూస్తారు అని. "డియర్ స్టూడెంట్, ఓన్లీ ఫ్యూ సీట్స్ లెఫ్ట్" అని జవాబొచ్చింది, కింద పేమెంట్ లింకు. నాన్న ఇంకా కట్టమనే అంటున్నాడు, ఈ చర్చంతా చదివి వినిపించినా. బాలానగర్ అన్నా, చర్లపల్లి వెళ్దామనుకుంటున్నా. బోనఫైడ్ ఒక్కటి చాలా?

బాలానగర్_మెకానికల్
బోనఫైడ్, ఆధార్ జిరాక్స్ పట్కపో. చెప్పులేసుకొని పోకు, లోపలికి రానియ్యరు, షూస్ ఉండాలె. పొద్దుగాల షిఫ్ట్ మొదలయ్యే టైముల ఎవ్వడు మాట్లాడడు, పదకొండు దాటినంక పో. వాచ్‌మన్‌తోని మంచిగ మాట్లాడు, ఓనర్ లోపలున్నడా లేడా చెప్పేది ఆయనే. ఇంటర్న్‌షిప్ అని అనకు, పని నేర్చుకుంట సార్ అను.