తూర్పు, పశ్చిమ జర్మనీల పోలిక పిల్లలకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్రజాస్వామ్యంలో, నియంతృత్వంలో సామాన్యుడి రోజు ఎలా గడుస్తుందో పోల్చి చూపడానికి 1949 నుంచి 1990 వరకు రెండు దేశాలుగా ఉన్న జర్మనీని ఎంచుకున్నాను. పశ్చిమాన ప్రజాస్వామ్యం, తూర్పున నియంతృత్వం; భాష ఒకటే, అంతకుముందు చరిత్రా ఒకటే. కాబట్టి పాలనలోని తేడా సులభంగా తెలుస్తుందనుకున్నాను.

45 నిమిషాల పీరియడ్లు రెండు అయిపోయాయి. మొదటి రోజు బోర్డు మీద రెండు నిలువు గడులు గీసి పత్రికలు, ప్రయాణాలు, పార్టీల గురించి రాశాను. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు, అంతే. రెండో రోజు తూర్పు జర్మనీ 1961 ఆగస్టు 13న బెర్లిన్‌లో సరిహద్దు మూసేయడం, దాని స్టాసీ రహస్య పోలీసులు జనం ఉత్తరాలు విప్పి చదవడం వివరించాను. ఒక అమ్మాయి లేచి, "అక్కడ అందరికీ పని, తక్కువ అద్దెకు ఇల్లు ఉండేవన్నారు కదా టీచర్! మేము ఎలాగూ విదేశాలకు వెళ్లం. మాకేం పోతుంది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు.

తూర్పు జర్మనీలో ఓటరు ఒకే ఒక్క అభ్యర్థుల జాబితా ఉన్న కాగితాన్ని మడిచి పెట్టెలో వేసేవాడు. చాటుకు వెళ్లి గుర్తు పెట్టినవారిని అనుమానంగా చూసేవారు. తరగతి నాయకుడి ఎన్నిక అలాగే జరిపించాలని ఉంది. కానీ పద్నాలుగేళ్ల పిల్లలు దాన్ని ఆటగా తీసుకుంటారేమోనని భయం.

మిగిలింది ఒక్క పీరియడ్. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబుగా మీరైతే ఏ ఒక్క రోజువారీ అనుభవాన్ని తరగతిలో చేయించి చూపిస్తారు?