సెయ్యూ ఫీల్డ్‌లోకి వచ్చి రెండేళ్ళు, ఇదంతా ఫీజుల వ్యాపారమేనా లేక నాకే కళ్ళు మండుతున్నాయా?

కొత్త_గొంతు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ పోస్ట్ పెట్టడం ఇదే ఫస్ట్, కొంచెం పెద్దదే, తిట్టుకోకుండా చదవండి. నాన్న ఉద్యోగం వల్ల ఆరో క్లాస్ నుంచి టోక్యోలోనే పెరిగాను, నిషి-కసాయిలో, ఇంట్లో తెలుగు బయట జపనీస్, పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. కాలేజ్ అయ్యాక మా బ్యాచ్ అంతా ఐటీలోకి పోతే నేను మాత్రం సెయ్యూ అవుతానని, అంటే ఇక్కడ అనిమేలకి, గేమ్‌లకి గొంతు ఇచ్చేవాళ్ళు, ఒక యోసెయ్‌జోలో చేరాను. యోసెయ్‌జో అంటే ఏజెన్సీకి అనుబంధంగా నడిచే ట్రైనింగ్ సెంటర్. ఆడిషన్ కబుర్లు ఏజెన్సీకే వస్తాయి, బయట ఉన్నవాళ్ళకి రావు. ఏజెన్సీలోకి వెళ్ళాలంటే ఎక్కువమందికి దారి యోసెయ్‌జోనే. దానికి ఫీజు మనమే కట్టాలి. ఈ మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే నా కడుపుమంట ఏంటో అర్థమైపోతుంది.

మా క్లాస్‌లో ముప్పై మందిమి చేరాం. చివర్లో లోపలికి తీసుకుంది ఇద్దరిని. అందులో నేనొకదాన్ని, సంతోషమే, కాకపోతే తీసుకోవడం అంటే పూర్తిగా తీసుకోవడం కాదు, 'అజుకారి' అంటారు, అంటే అట్టిపెట్టుకోవడం, స్టేషన్ లాకర్‌లో సూట్‌కేస్ పెట్టినట్టు. ఏడాదికోసారి లెక్క చూస్తారు, పనికిరాదనుకుంటే సూట్‌కేస్ బయటికి. మిగతా ఇరవై ఎనిమిది మంది ఫీజులతోనే ఆ బిల్డింగ్ అద్దె, టీచర్ల జీతాలు నడుస్తున్నాయని నాకు మొదటి ఏడాదే డౌట్ వచ్చింది, ఇప్పుడు డౌట్ కూడా లేదు.

పోయిన నెల నా మొదటి ఆఫ్రెకో, అంటే బొమ్మ చూస్తూ గొంతు రికార్డ్ చేయడం. పాత్ర పేరు లేదు, గయా చేయడానికి, అంటే గుంపు గొంతులు. సాయంత్రం నాలుగింటికి స్టూడియోకి వెళ్ళి అందరికీ 'ఒహాయో గొజాయిమాసు' అని శుభోదయాలు చెప్పి (ఇక్కడ ఎన్ని గంటలకైనా అదే మాట), జూనియర్‌ని కాబట్టి తలుపు పక్క సీట్‌లో కూర్చుని, సీనియర్లు వచ్చినప్పుడల్లా ఆ బరువైన సౌండ్‌ప్రూఫ్ తలుపు తీయడం మూయడం నా పనే. నాలుగు మైకులు, పదిహేను మంది దాకా మనుషులు, ఒకరు డైలాగ్ చెప్పి పక్కకి జరిగితే వెనకవాళ్ళు అదే మైక్ ముందుకి, చేతిలో స్క్రిప్ట్, పేజీ తిప్పిన చప్పుడు కూడా రాకూడదు. నేను తెలివిగా విండ్‌చీటర్ వేసుకెళ్ళాను. చెయ్యి కదిపితే చాలు చిప్స్ ప్యాకెట్ చప్పుడు. ఒక సీనియర్ అక్క నా వైపు చూసి తన కాటన్ స్వెటర్ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది, అంతే, ఏమీ అనలేదు. తీసేసి లోపలి టీషర్ట్‌తో ఏసీలో వణుకుతూ నించున్నా.

సంత సీన్. ఎనిమిది మందిమి మైకుల ముందు చేరి ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడాలి. నేను బాగా ప్రిపేర్ అయి వెళ్ళాను, చేపల రేటు మీద ఒక మాంచి డైలాగ్ ఇంట్లోనే రాసుకున్నా. టెస్ట్ అవ్వగానే అద్దం అవతల నుంచి సౌండ్ డైరెక్టర్ గొంతు: 'ఒకరు తేలుతున్నారు.' పేరు చెప్పలేదు. ఎవరో అందరికీ తెలుసు. రెండోసారి కూడా అదే మాట. మూడోసారి నేను నోరు కదిపి గాలి మాత్రమే వదిలా, ఓకే అయిపోయింది.

రేటు 15,000 యెన్. అరగంట ఎపిసోడ్‌కి జూనియర్ రేటు అది, ఒక్క డైలాగ్ చెప్పినా వంద చెప్పినా అంతే. ఏజెన్సీ వాటా, 10.21 శాతం టాక్స్ కోత పోగా నా చేతికి పది వేల చిల్లర. 2025 అక్టోబర్ నుంచి టోక్యోలో కనీస వేతనం గంటకి 1,226 యెన్, కొంబినీలో (రాత్రీపగలూ తెరిచుండే చిన్న షాపు) పది గంటలు నిలబడితే ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. ఆ నెలలో ఆ పని ఒక్కటే.

గుంటూరు నుంచి తాతయ్య ఫోన్ చేసి నీ గొంతు ఎప్పుడు వినిపిస్తుందమ్మా అంటున్నాడు. ఆ సంతలో అరిచే ఎనిమిది మందిలో గాలి వదిలింది నేనే తాతయ్యా అని చెప్పాలా? ఉండాలా పోవాలా, అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా సూటిగా చెప్పండి. 'కలల్ని వదలొద్దు' టైపు రిప్లైలు మాత్రం వద్దు ప్లీజ్.

—

పాతకాపు_టోక్యో:

చెల్లీ, నేను అద్దానికి అవతలి వైపు మనిషిని, టోక్యోలోనే సౌండ్ పనిలో పదకొండేళ్ళుగా ఉన్నా. నీ లెక్కలో తప్పేం లేదు, ఇంకొంచెం కలుపుతా.

ఆ 15,000 అనేది ఎవరో ఏజెన్సీవాడు పిసినారితనంతో పెట్టింది కాదు, నటుల యూనియన్‌తో కుదుర్చుకున్న ర్యాంకుల పట్టికలో ఉన్నదే. 1973లో ఇక్కడి గొంతువాళ్ళు రేట్లు పెంచమని పని ఆపి రోడ్డెక్కారు, ఈ మాత్రం పద్ధతి ఉందంటే ఆ గొడవల పుణ్యమే. జూనియర్‌గా మూడేళ్ళు సుమారు, తర్వాత ర్యాంక్ వస్తుంది, 15 వేల నుంచి 45 వేల దాకా వెయ్యి వెయ్యి చొప్పున మెట్లు, ఆ పైన బేరమే. వినడానికి బాగానే ఉంది కదా, అసలు గండం అక్కడే. జూనియర్‌గా ఉన్నన్నాళ్ళు చవగ్గా వస్తావని చిన్న పాత్రలకి పిలుస్తారు, ర్యాంక్ వచ్చిన రోజు నుంచి అదే డబ్బుకి ఇంకో జూనియర్ దొరుకుతుంది కదా అని ఫోన్లు తగ్గిపోతాయి. నువ్వు 15 వేల గురించి ఏడుస్తున్నావు, నేను చూసినవాళ్ళు 15 వేలు దాటినందుకు ఏడ్చారు.

ఆదాయం సంగతికొస్తే 2022లో వొయిక్షన్ అనే గ్రూప్, కొత్త ఇన్‌వాయిస్ టాక్స్ పద్ధతికి వ్యతిరేకంగా గొంతు కళాకారులే పెట్టుకున్నది, వాళ్ళ సర్వేలో నాలుగింట మూడొంతుల మంది ఏడాదికి 30 లక్షల యెన్‌ల లోపే అన్నారు. ఆ పద్ధతి 2023 అక్టోబర్‌లో వచ్చేసింది, అప్పటిదాకా 10 లక్షల.. సారీ, కోటి యెన్ లోపు వ్యాపారం ఉన్నవాళ్ళకి ఆ టాక్స్ (మన జీఎస్టీ లాంటిది) తలనొప్పి ఉండేది కాదు, ఇప్పుడు వాళ్ళకీ చుట్టుకుంది. ఒత్సుకా అకియో, మెటల్ గేర్ అనే వీడియో గేమ్‌లో హీరో స్నేక్ గొంతు, అంత పెద్దమనిషే ఈ ఫీల్డ్‌లోకి రావొద్దని కొత్తవాళ్ళకి బాహాటంగా చెప్తాడు. కాబట్టి నీ అనుమానం కొత్తదేం కాదు.

కానీ గయా విషయంలో మాత్రం నువ్వే తప్పు. 'తేలుతున్నారు' అన్నది తిట్టు కాదు, బాగా చేయలేదని కూడా కాదు. మిక్సింగ్‌లో ఆ గుంపు గొంతుల మీద హీరో డైలాగ్ పడుతుంది, గుంపులో ఒక్క వాక్యం అర్థమయ్యేలా వినిపించినా చూసేవాడి చెవి అటు పోతుంది, అప్పుడు నేను ఆ ట్రాక్ మొత్తం తగ్గించాలి, తగ్గిస్తే సంత కాస్తా శ్మశానం. నువ్వు ఇంట్లో డైలాగ్ రాసుకున్నావు, పక్కవాళ్ళు అక్కడికి వెళ్ళి చేపలు కొన్నారు. గయాలో పాతవాళ్ళు ఎలా చేస్తారో ఈసారి చూడు, ఒకరు మైక్‌కి వీపు పెడతారు, ఒకరు నడుస్తూ మాట్లాడతారు, వాక్యం సగంలో వదిలేస్తారు. మూడోసారి గాలి వదిలి ఓకే చేయించుకున్నా అని మురిసిపోకు, ఎనిమిది మందికి డబ్బులిచ్చి ఏడుగురిని రికార్డ్ చేశారు. ఇది ఆ డైరెక్టర్‌కి తెలియదనుకుంటున్నావా?

—

కృష్ణానగర్_గొంతు:

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా డబ్బింగ్ చెప్తున్నా అమ్మాయ్. ఇప్పుడు మీ అనిమేలు తెలుగులోకి కూడా వస్తున్నాయి కదా, పోయిన ఏడాది డీమన్ స్లేయర్ సినిమా థియేటర్లలో తెలుగులోనే ఆడింది, మా వీధిలో పిల్లలు రెండేసి సార్లు చూశారు. మాకు స్కూలూ లేదు ఫీజూ లేదు, కో-ఆర్డినేటర్ ఫోన్‌లో మన నంబర్ ఉంటే చాలు, లేకపోతే నీ గొంతులో తేనె ఉన్నా అంతే సంగతులు. ఫీజు లేనంత మాత్రాన స్వర్గం అనుకోకు, మొదటి రెండేళ్ళు నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు, తిడితే నేర్చుకున్నా. పైగా మాది ఒక్కొక్కరిగా లోపలికెళ్ళి చెప్పొచ్చే పద్ధతి, ఎదుటి పాత్ర ఎవరు చెప్తున్నారో కూడా తెలీదు. పదిహేను మంది ఒకే గదిలో నించుని ఒకళ్ళ మాట ఒకళ్ళు వింటూ చెప్పడం అంటే నాకు కొంచెం ఈర్ష్యగానే ఉంది.

ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ రెండేళ్ళలో నీకు వాళ్ళు ఏం నేర్పారు? ఏమీ నేర్పలేదంటే మోసమే, ఇవాళే వదిలెయ్.

—

ఎన్3_దగ్గరే:

అక్కా మధ్యలో దూరుతున్నందుకు సారీ, మాది విజయవాడ, జపనీస్ భాష పరీక్ష ఎన్3 (మధ్య లెవెల్) డిసెంబర్‌లో రాస్తున్నా, నాకూ సెయ్యూ అవ్వాలనే, డైరెక్ట్‌గా యోసెయ్‌జోకి వీసా ఇస్తారా?

—

పాతకాపు_టోక్యో:

తమ్ముడూ, మామూలుగా యోసెయ్‌జో పేరు మీద స్టూడెంట్ వీసా రాదు, అది స్కూల్ కింద లెక్క కాదు. రెండేళ్ళ వొకేషనల్ కాలేజీలు ఉన్నాయి, వాటికి వస్తుంది, ఫీజు ఏడాదికి 10 లక్షల యెన్ చుట్టుపక్కల అనుకో, పార్ట్‌టైమ్ వారానికి 28 గంటలే. అయ్యాక ఏ వీసా మీద ఉంటావనేది ఇంకో తలనొప్పి. విదేశీయులు అసలు లేరని కాదు, బీజింగ్ నుంచి వచ్చిన ర్యూ సెయ్‌రా అవోనీ ప్రొడక్షన్ అనే ఏజెన్సీలో ఉంది, రష్యా అమ్మాయి జెన్యా ఉంది. వాళ్ళ జపనీస్ వినిపించుకో, తర్వాత నీది రికార్డ్ చేసుకుని విను. ముందు ఎన్1 (అన్నిటికన్నా పై లెవెల్), తర్వాత మాట్లాడుకుందాం.

—

కొత్త_గొంతు:

@కృష్ణానగర్_గొంతు అక్కా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు రిప్లై ఇవ్వలేదు, కోపం వచ్చింది, నిజంగానే.

నేర్పారు. మొదటి వారమే 'ఉయిరో-ఉరి' అని ఒకటి ఇచ్చారు, 1718లో కబుకి (ఇక్కడి పాతకాలం నాటకం) స్టేజ్ మీద చెప్పిన మందులమ్మేవాడి ప్రసంగం, నాలిక ముడిపడిపోతుంది, ప్రతి సెయ్యూ స్టూడెంట్‌కీ అది కంఠతా రావాలి. మన ఎక్కాల్లాగా. నాకు అది మూడు నెలలు పట్టింది. ఇంకోటి యాక్సెంట్. ఇక్కడే పెరిగాను నాకేంటి అనుకున్నా. 'హషి' అనే మాటకి చాప్‌స్టిక్స్, వంతెన, అంచు అని మూడు అర్థాలు, స్వరం ఎక్కడ పైకి ఎక్కడ కిందికి అనేదే తేడా, అందులో వంతెన, అంచు విడిగా పలికితే వినడానికి ఒకేలా ఉంటాయి, వెనక 'గా' లాంటి ముక్క చేరితేనే తేడా తెలుస్తుంది. మా సార్ డెబ్బై దాటిన స్టేజ్ నటుడు, నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు, తప్పు వచ్చినచోట పెన్సిల్‌తో బల్ల మీద టక్ మనేవాడు. మొదటి పేజీలో పంతొమ్మిది టక్‌లు. ఇంకో జాడ్యం కూడా ఆయనే పట్టుకున్నాడు, 'దెస్' అని ఆగాల్సిన చోట నేను అలిసిపోయినప్పుడు 'దేసు' అంటున్నానట, అచ్చు లేకుండా మాట వదలడం మన నోటికి రాదు కదా, అజంత భాష అని తెలుగు మాస్టారు ఎందుకు మురిసిపోయేవారో గానీ ఇక్కడ నా కొంప ముంచింది. దీర్ఘాలు, ఒత్తులు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ క్రెడిట్ తెలుగుకే.

కాబట్టి సార్ మోసం కాదు. ఆ ఇరవై ఎనిమిది మందిలో కనీసం పది మందికి ఇది మీవల్ల కాదని మొదటి ఏడాదే చెప్పకుండా రెండో ఏడాది ఫీజు కట్టించుకున్నారు చూడండి, దాన్ని మాత్రం నేను ఇప్పటికీ మోసమే అంటా.

@పాతకాపు అన్నా, గాలి వదిలిన సంగతి మీద మీరన్నది గుచ్చుకుంది. ఏమీ అనలేను.

ఇంక ఏఐ గురించి ఎవరూ అడగలేదు గానీ 2024 అక్టోబర్‌లో యమదెరా కోయిచి, కాజి యూకి లాంటివాళ్ళే పర్మిషన్ లేకుండా గొంతులు కాపీ కొట్టొద్దని వీడియో పెట్టాల్సి వచ్చింది. అంత పెద్ద గొంతులకే దిక్కులేదు. నా గొంతుని ఎవడూ దొంగిలించడు లెండి, దొంగిలించాలంటే ముందు ఎక్కడో ఒకచోట వినిపించాలి.

—

కృష్ణానగర్_గొంతు:

పంతొమ్మిది టక్‌లు లెక్కపెట్టుకున్నావంటే నువ్వు వదిలేదానివి కాదులే. విండ్‌చీటర్ మాత్రం తగలెయ్. గాజులు వేసుకుంటే అవి కూడా తీసెయ్, నా మొదటి రోజు నన్ను గెంటించింది అవే.

—

కొత్త_గొంతు:

ఐదు నెలల తర్వాత అప్‌డేట్. ఇంకా లాకర్‌లోనే ఉన్నా, మార్చిలో లెక్క చూస్తారు. కొంబినీలో చేరాను, వారానికి నాలుగు రోజులు.

అదే సౌండ్ డైరెక్టర్ దగ్గర ఇంకో రెండుసార్లు గయాకి పిలిచారు. రెండోసారి వెనక మైక్ దగ్గర ఒక సీనియర్‌తో నిజంగానే బేరం ఆడాను, ఆవిడ ఉల్లికాడల కట్ట ఇవ్వనంది, నేను వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేశా, ఆవిడ వెనక్కి పిలిచింది, అంతలో కట్ అయిపోయింది. తేలడం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మొదటి ఎపిసోడ్ పోయిన వారం వచ్చింది, అదే గాలి వదిలిన సంత. తాతయ్యకి లింక్, నిమిషం, సెకన్ అన్నీ పంపించా, పంపకపోతే ఊరుకోడు. రాత్రి ఫోన్ చేశాడు. నాలుగుసార్లు విన్నాడట, పక్కింటివాళ్ళకి కూడా వినిపించాడట. 'ఆ చేపలమ్మే ఆవిడ నువ్వే కదమ్మా, మీ నానమ్మ గొంతు దించేశావు' అన్నాడు. ఆ చేపలావిడ వయసు యాభై పైనే, నా విండ్‌చీటర్ తీయించిన అక్కే. అవును తాతయ్యా అన్నాను.