శిశు వికాసం తొలి అధ్యాయాలు: మీకు ఎక్కడ చిక్కు పడింది?

కొత్త బెంచీ:
శిశు వికాస శాస్త్రం మొదటి సెమిస్టరులో మూడు విషయాలు నాకు కొరుకుడు పడడం లేదు. పెరుగుదలకూ వికాసానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందన్న మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశల వయసులను ఎంత కచ్చితంగా పట్టుకోవాలి? ఒకే పిల్లలను ఏళ్ల తరబడి గమనించే అనుదైర్ఘ్య పద్ధతి మేలా, వేర్వేరు వయసుల పిల్లలను ఒకేసారి పోల్చడం మేలా?

ఇద్దరు పిల్లల తల్లి:
దశల సంగతి నన్నడగండి. పూర్వ ప్రచాలక దశ 2 నుంచి 7 ఏళ్ల వరకని, అప్పటికి పదిలపరచుకొనే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న గ్రహింపు, ఏర్పడదని రాసి పూర్తి మార్కులు తెచ్చుకొన్నదాన్ని. పోయిన వారం మా 5 ఏళ్ల వాడి ఎదుట వెడల్పు గ్లాసులోని నీళ్లను సన్నని పొడుగు గ్లాసులోకి వంచి, ఏమైనా మారిందా అని అడిగితే, "అవే నీళ్లు కదమ్మా" అన్నాడు. ఈ సిద్ధాంతాన్ని ఇంకా ఎందుకు బట్టీ పట్టిస్తున్నారు?

పాతికేళ్ల పాఠం:
ఇరవై అయిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నవాడిగా మనవి చేస్తున్నాను. వంటింటి గట్టు మీద ఒక్క పిల్లవాడితో చేసినదాన్ని ప్రయోగమనరు. పియాజే జవాబుతో సరిపెట్టుకోలేదు, దానికి పిల్లవాడు చెప్పే కారణాన్ని కూడా చూశాడు. వెనక్కి పోస్తే మునుపటిలాగే ఉంటాయనో, ఎత్తు పెరిగినా వెడల్పు తగ్గిందనో మీ అబ్బాయి అన్నాడా?

ఇద్దరు పిల్లల తల్లి:
వంటింటి గట్టు అన్న మాటను మీరు వెనక్కి తీసుకోవాలి. పుట్టినప్పటి నుంచి 2 ఏళ్ల వరకుండే ఇంద్రియ చాలక దశ గురించి పియాజే రాసినది కూడా చాలావరకు తన ముగ్గురు పిల్లలను గమనించే కదా!

గమనిక పుస్తకం:
మీరిద్దరూ అసలు మెలికను దాటేశారు. "అవే నీళ్లు" అనడం వేరు, "అన్నే నీళ్లు" అనడం వేరు. పదార్థం అదేనని గుర్తించడం ముందు వస్తుంది, దాని పరిమాణం మారలేదని గ్రహించడం తరువాత వస్తుంది. ఈ తేడాను పియాజే కూడా చూపాడు. అయితే పాఠం గారూ, అడిగే తీరు కూడా జవాబును మార్చగలదు. ఒకే ప్రశ్నను పెద్దవాళ్లు మళ్లీ అడిగితే, తన మొదటి జవాబు తప్పేమోనని పిల్లవాడు అనుకోవచ్చు. 1970లలో మెక్‌గారిగల్, డోనాల్డ్‌సన్ అనే పరిశోధకులు సమానంగా పేర్చిన రెండు బిళ్లల వరుసలలో ఒకదాన్ని అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చూపినప్పుడు, పెద్దవారే కావాలని జరిపినప్పటికంటే చాలా ఎక్కువమంది పిల్లలు రెండూ సమానమే అన్నారు.

పాతికేళ్ల పాఠం:
అది సంఖ్యకు సంబంధించినది, ద్రవానికి కాదు. సంఖ్య ముందు, ద్రవం తరువాత, బరువు ఇంకా ఆలస్యంగా పట్టుబడతాయని పియాజే ఏనాడో చెప్పాడు. ఎలుగుబంటి తోడ్పడిందంటే అది సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పిన స్కాఫోల్డింగ్, అంటే పిల్లవాడికి తగిన ఆసరా ఇవ్వడం, మాత్రమే.

పోయిన రెండు మార్కులు:
సరిగ్గా ఈ వాక్యమే రాసి నేను రెండు మార్కులు పోగొట్టుకొన్నాను. వైగోట్‌స్కీ 1934లోనే కన్నుమూశాడు. ఆయన చెప్పినది సామీప్య వికాస మండలం, అంటే పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ ఇతరుల తోడ్పాటుతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరం. స్కాఫోల్డింగ్ అన్న మాటను ఈ అర్థంలో ప్రచారంలోకి తెచ్చినది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసం. పాతికేళ్లుగా ఎంతమందికి ఇలా చెప్పారో!

పాతికేళ్ల పాఠం:
పేరు ఎవరు పెట్టినా భావానికి మూలం ఆయనదే. ఎగతాళి చేయకుండానే ఆ మాట చెప్పవచ్చు.

కొత్త బెంచీ:
నా మొదటి ప్రశ్న, మూడో ప్రశ్న అలాగే మిగిలిపోయాయి.

గమనిక పుస్తకం:
ఎత్తు, బరువు వంటి కొలతకు అందే మార్పు పెరుగుదల, అది ఒక వయసుకు ఆగుతుంది. వికాసంలో గుణాత్మకమైన మార్పులు కూడా ఉంటాయి, అది జీవితాంతం సాగుతుంది. అనుదైర్ఘ్య పద్ధతిలో మధ్యలో జారిపోయే పిల్లలతోనే చిక్కు. పోల్చే పద్ధతిలో తేడా వయసు వల్ల వచ్చిందా, పుట్టిన కాలం వల్ల వచ్చిందా అన్నది తేలదు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఇప్పుడే వాడిని "అన్నే ఉన్నాయా?" అని అడిగాను. పొడుగు గ్లాసులోనే ఎక్కువ ఉన్నాయన్నాడు.

పాతికేళ్ల పాఠం:
ఎందుకని అడిగారా?

ఇద్దరు పిల్లల తల్లి:
అడిగాను. "ఇది పొడుగ్గా ఉంది కదా" అన్నాడు. అయినా వంటింటి గట్టు మాటను మీరు ఇంకా వెనక్కి తీసుకోలేదు.